కిటికీ మూసి అతికిన పువ్వులు

బావమరిది పువ్వు అడగడానికి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒక్కడే రావడానికి మొహం చెల్లలేదు కాబోలు.

మేస్త్రి పనిగదిలో బల్ల ముందు కూర్చుని వంకరపోయిన రాగి తీగను సాపు చేస్తున్నాడు. ఆ తీగతో పనేమీ లేదు. వంకర కనబడితే ఆ చెయ్యి ఊరుకోదు, అంతే. భార్య పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచి ఆ గదిలో ఒక్క రాగి పువ్వు తయారవలేదు. కారే గొట్టాలు, సొట్టలు పోయిన గిన్నెలు, చిల్లులు పడ్డ నీళ్ళ కాగులు. ఎవరు ఏది తెస్తే అది బాగుచేసి పంపడం, తిన్నామా పడుకున్నామా తెల్లారిందా అన్నట్టు బతకడం.

వీధిలో ఆయన్ని సుత్తి మేస్త్రి అంటారు. వాగి వాగి విసిగించేవాణ్ణి కదా సుత్తి అనేది. ఈయన రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. అది చేతిలో ఉన్న సుత్తిని చూసి పెట్టిన పేరో, నోట్లో లేని మాటను చూసి పెట్టిన వెక్కిరింపో ఆయన ఎప్పుడూ కనుక్కోలేదు.

"అన్నయ్యా, లోపలికి రావచ్చా?" అని గుమ్మంలో అడిగి, జవాబు వినకుండానే చెల్లెమ్మ లోపలికి వచ్చేసింది. బావమరిది భార్య. మనసు మంచిదే, నోరే కాస్త పెద్దది.

"వచ్చావుగా," అన్నాడు మేస్త్రి.

"నేనొచ్చాను. ఈయన్ని చూడండి, సందు మొదట్నుంచీ కాళ్ళీడ్చుకుంటూ వస్తున్నారు. సొంత బావ ఇంటికి రావడానికి ఇంత బిడియమేమిటి, కొత్త పెళ్ళికొడుకులాగా?"

బావమరిది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. వాడికి బజారులో గ్యాస్ సిలిండర్లు, టంకం కడ్డీలు, పనిముట్లు అమ్మే కొట్టు ఉంది. ఒకప్పుడు సందు మలుపులోంచే "అక్కా!" అని కేక పెట్టుకుంటూ వచ్చేవాడు. అక్క పోయాక ఆ కేకా పోయింది, వాడి రాకా పోయింది.

"ఏం కావాలి?" అన్నాడు మేస్త్రి.

"ఇంటిముందు తోట వేశాం అన్నయ్యా. ఈయన చేతి మహిమ ఏమిటోగాని, వేసిన మొక్క వేసినట్టే ఎండిపోతోంది. గడ్డి కూడా భయపడి మొలవడం మానేసింది. ఇక చావని పువ్వంటూ ఉంటే మీ దగ్గరే ఉంటుందని..." ఆ మాట ఎక్కడ చెబుతోందో అప్పుడు గుర్తొచ్చి చెల్లెమ్మ నాలిక కరుచుకుంది.

బావమరిది అందుకున్నాడు. "అక్క మాటిచ్చింది బావా. మా గేటు పక్కన పెట్టుకోవడానికి పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు. రేకులు కూడా తయారుచేసి ఉంచింది, నాకు చూపించింది. దాన్ని పూర్తిచేసి ఇస్తే, అక్క గుర్తుగా ఉంటుంది."

మేస్త్రి తీగను కింద పెట్టాడు. రేకులున్న మాట నిజమే. అటక మీద డబ్బాలో ఉన్నాయి.

"చేస్తాను," అన్నాడు.

చెల్లెమ్మ మొగుడి వైపు తిరిగింది. "చూశారా? అన్నయ్య కాదనరని నేను చెప్పలా?"

"ఒక్కడి చేతుల మీద అయ్యే పని కాదు. అతికేటప్పుడు రేకులు పట్టుకునే మనిషి కావాలి. నువ్వు పట్టుకో."

"నేనా? నాకేం వచ్చు బావా?"

"కదలకుండా కూర్చోవడం. అదొక్కటి వస్తే చాలు."

"అది పుట్టుకతో వచ్చింది అన్నయ్యా! ఇంట్లో ఈయన చేసే పని అదేగా!" అని చెల్లెమ్మ నవ్వింది. బావమరిది కూడా నవ్వాడు, పెదవులతో.

వాళ్ళు వెళ్ళాక మేస్త్రి గోడకేసి చూశాడు. మేకుకు ఒక టంకం కడ్డీల కట్ట వేలాడుతోంది. ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టిన కట్ట. వాణ్ణి ఏ వంకతో పిలవాలా అని ఆయన కొన్నాళ్ళుగా ఆలోచిస్తున్నాడు. వెదకబోయిన తీగ కాలికి తగిలినట్టు వాడే వచ్చాడు.

రాగి పువ్వు చేయడం ఇద్దరి పని.

మేస్త్రి రాగి రేకును కత్తెరతో కోసేవాడు. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచేవాడు. ఇనుమును అలా ముంచితే బిరుసెక్కుతుంది, రాగి మెత్తబడుతుంది. మెత్తబడ్డ రేకును గుంట తీసిన కొయ్య దిమ్మ మీద పెట్టి, కొయ్యసుత్తితో కొడితే దోసిలిలా వంగుతుంది. అంతవరకే ఆయన పని. దానికి ప్రాణం పోసేది ఆమె. మొద్దు ఉలితో ఈనెలు తీసేది. అంచును ఒకచోట నలిపేది, ఒకచోట పురుగు కొట్టినట్టు కొరికేది. "పురుగు పట్టని పువ్వును ఎవరు నమ్ముతారండీ?" అనేది. ఆకులనైతే ఉప్పూ వెనిగరూ కలిపి తడిపిన రంపపు పొట్టులో పాతిపెట్టి, పచ్చటి చిలుము పట్టాక బయటికి తీసేది. చూసినవాళ్ళు ముందు రేకు అంచును ముట్టుకునేవారు. ఆయన కొట్టిన సుత్తి దెబ్బను ఎవరూ ముట్టుకోలేదు.

ఆఖరిది అతుకు. ఆయన నిలబడి ఒక చేత గ్యాస్ మంట, ఒక చేత టంకం కడ్డీ పట్టేవాడు. ఆమె ఎత్తు పీట మీద కూర్చుని, పువ్వు మీదికి వంగి, పట్టకారుతో రేకును దాని చోట నిలిపేది. తలుపు వేసి ఉండేది. కిటికీ గడియ పెట్టి ఉండేది. ఆ గదిలో అది శాసనం. గాలి తగిలితే మంట ఊగుతుంది, మంట ఊగితే రాగి చల్లారుతుంది, రాగి చల్లారితే అతుకు పడదు. తండ్రి చెప్పిన మాట. తండ్రికి ఎవరు చెప్పారో ఆయనా అడగలేదు, ఈయనా అడగలేదు. ఎండలు మండే నెలల్లో కూడా అతుకు పూట ఆ కిటికీ తెరుచుకోలేదు.

అలాంటి ఎండల్లోనే ఒకసారి బావమరిది కొత్త కడ్డీలు తెచ్చాడు. ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టిన కట్ట. పైన డబ్బా లేదు, కాగితం లేదు. "పెద్ద ఫ్యాక్టరీల్లో వాడే సరుకు బావా. టంకం నీళ్ళలా పారుతుంది. మనవాడివని నీకిస్తున్నా," అన్నాడు. అబద్ధం కాదు, నీళ్ళలాగే పారింది. ఒక హోటలు తోటకు వరసగా పువ్వులు చేయాల్సి ఉంది. మొగుడూ పెళ్ళాం పొద్దున పని మొదలెడితే దీపాలు పెట్టే వేళకు గానీ ఆపలేదు. గదిలో పసుపురంగు పొగ కమ్మింది. కొత్త సరుకు పొగ ఇలాగే ఉంటుందేమో అనుకున్నారు.

మధ్యలో ఆమె, "ఏవండీ, ఉక్కగా ఉంది. కిటికీ కాస్త తీయనా?" అంది.

"ఈ పువ్వు అయ్యాక," అన్నాడు.

ఆ పువ్వు అయ్యాక ఇంకో పువ్వు ఉంది.

ఆ సాయంత్రమే ఆమెకు గొంతులో గరగర, ఒళ్ళంతా వణుకు. జలుబన్నారు. మర్నాడు లేచి తిరిగింది కూడా. ఆ తర్వాత ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఏమన్నా పీల్చిందా?" అని అడిగింది. బావమరిది ఫ్లాస్కు పట్టుకుని పక్కనే ఉన్నాడు. "ఏం పీలుస్తుంది, పనిలోనే ఉంది," అన్నాడు మేస్త్రి. వారం తిరక్కుండా ఆమె పోయింది. ఆయనకు నాలుగు రోజులు దగ్గొచ్చి తగ్గింది. ఆయన నిలబడ్డాడు. పొగ వంగినవాళ్ళకు దక్కింది.

బావమరిది అక్క కాళ్ళ మీద పడి గుండెలు బాదుకున్నాడు. తోడబుట్టినవాడు ఏడవడా అనుకున్నారు. ఆ మర్నాడే వచ్చి, "నువ్వు పడుకో బావా, పనిగది నేను సర్దుతా," అన్నాడు. సర్దాడు. సుత్తులు సుత్తుల చోట, ఉలులు ఉలుల చోట పెట్టి నేల ఊడ్చాడు. పోతూ పోతూ మిగిలిన కడ్డీల కట్ట పట్టుకుపోయాడు. మేస్త్రి చూశాడు. చూశాడు గానీ, ఆ రోజుల్లో ఆయన కళ్ళు చూసింది బుర్రకు చేరేది కాదు.

నెలల తర్వాత ఒకరోజు ఆమె పీటను తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. పీట ఊగుతోందని ఆమే ఒక కడ్డీ ముక్క విరిచి, మడిచి, ఒక కాలి కింద దిగ్గొట్టుకుంది. మేస్త్రి ఆ ముక్కను ఊడబీకి, సందు చివర ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. రాగి గొట్టాలు అతకడం వాడి నిత్యకృత్యం. ఇలాంటి కడ్డీలు ఉన్నాయా అని మాత్రమే అడిగాడు.

మెకానిక్ ముక్కను ఆరుబయట ఇటుక మీద పెట్టి, కొసకు మంట చూపించాడు. పసుపు పొగ లేవగానే మంట ఆర్పి, తేలు కుట్టినవాడిలా వెనక్కి గెంతాడు.

"ఎక్కడ దొరికింది మేస్త్రీ ఈ దరిద్రం? ఇందులో కాడ్మియం కలుపుతారు. మేం ఎప్పుడో మానేశాం. గదిలో పెట్టుకుని ఈ పొగ పీలిస్తే మనిషి వారం..." అని, ఎదుట ఉన్నది ఎవరో గుర్తొచ్చి ఆగిపోయాడు.

"అమ్మేవాడికి తెలుస్తుందా?"

"తెలియకేం? కట్ట మీద పుర్రె బొమ్మ వేసి ఉంటుంది. చదువు రానివాడికి కూడా తెలుస్తుంది."

"కట్ట మీద కాగితం లేదు."

"అయితే ఎవడో చింపాడు. నీకిచ్చినవాడో, వాడికిచ్చినవాడో. అది పైవాడికే తెలియాలి."

పైవాడు చెప్పడు. బావమరిదిని అడిగితే, "నాకు తెలియదు బావా," అంటాడు. తెలియనివాడూ అదే మాట అంటాడు, తెలిసినవాడూ అదే మాట అంటాడు. మేస్త్రికి ఇక ఈ లోకంలో కావలసింది ఒక్కటే. వాడు తెలిసి ఇచ్చాడా, తెలియక ఇచ్చాడా. తెలియక ఇచ్చి ఉంటే వాడూ తనలాగే మునిగినవాడు. తెలిసి ఇచ్చి ఉంటే వేరే లెక్క.

"ఆ విషం లేని కడ్డీలు, అచ్చం ఇలాగే ఉండేవి, నీ దగ్గర ఉన్నాయా?" అని అడిగాడు.

మెకానిక్ కాసేపు ఆయన మొహం చూశాడు. చూసి అర్థం చేసుకున్నాడు. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటాడా లేదా చూస్తావన్నమాట."

"చూస్తాను."

"తడుముకుంటే?"

మేస్త్రి కడ్డీల కోసం చెయ్యి చాపాడు.

"తడుముకోకపోతే?"

చాపిన చెయ్యి దించలేదు. మెకానిక్ కడ్డీలు ఇచ్చి, మేస్త్రి చెప్పిన ప్రకారం తన టిఫిన్ డబ్బాకు చుట్టుకున్న ఎర్ర రబ్బరు బ్యాండు తీసి వాటికి చుట్టాడు. "నువ్వు సుత్తివి కాదు మేస్త్రీ, సమ్మెటవి," అన్నాడు.

అనుకున్న రోజు ఎండెక్కకముందే ఇద్దరూ వచ్చారు. చెల్లెమ్మ లోపలికి రానంది. "నా నోటి గాలికే మీ మంట ఆరిపోతుంది అన్నయ్యా. నేను బయట కలుపు పీకుతా. వదిన వేసిన పూలమళ్ళు ఇలా చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది," అని కొంగు దోపుకుని పెరట్లోకి పోయింది.

మేస్త్రి తలుపు వేశాడు. డబ్బా దించి రేకులను ఒక్కొక్కటే బల్ల మీద పేర్చాడు. ఏడాదిగా డబ్బాలో ఉన్నా ఈనెలు చెక్కుచెదరలేదు. ఒక రేకు అంచున చిన్న కొరుకుడు. బావమరిది దాని మీద వేలు పెట్టి తీసేశాడు.

"కూర్చో."

బావమరిది ఎత్తు పీట మీద కూర్చున్నాడు. పీట అటూ ఇటూ ఊగింది.

"ఇది ఊగుతోంది బావా."

"ఊగుతుంది. కింద పెట్టిందాన్ని తీసేశాను."

మేస్త్రి రేకు మొదళ్ళను ఆకురాయితో గీకి, టంకం పారడానికి వెలిగారం పూశాడు. పట్టకారు బావమరిది చేతికిచ్చి, ఎక్కడ పట్టాలో, ఎంత వంగాలో చూపించాడు. తర్వాత వెళ్ళి కిటికీ మూసి గడియ పెట్టాడు.

"కిటికీ ఎందుకు బావా?"

"ఎప్పుడూ మూసే చేస్తాం."

"నాకు తెలియదే. అతుకు పూట నన్నెప్పుడు రానిచ్చావు? తలుపేసుకునేవాడివి."

మేస్త్రి గోడ దగ్గరికి వెళ్ళి మేకు మీది కట్ట అందుకున్నాడు. ఎర్ర రబ్బరు బ్యాండు తీస్తూ వాడి కళ్ళలోకి చూశాడు.

"అవెక్కడివి?" అన్నాడు బావమరిది.

"నువ్విచ్చినవే. ఒక కట్ట బల్ల వెనక పడిపోయింది. నువ్వు సర్దినప్పుడు కనబడి ఉండదు."

"నేను వేరేవి తెచ్చాను బావా. సంచిలో ఉన్నాయి. అవి వాడు."

"వీటికేం?"

"ఏం లేదు. పాతబడిపోయి ఉంటాయని."

"కడ్డీలు పాలా, విరిగిపోవడానికి?"

 మేస్త్రి గ్యాస్ తిప్పి అగ్గిపుల్ల గీశాడు. మంట బుస్సుమని లేచి, నీలంగా సన్నబడింది. రాగి ముందు గులాబిరంగు తిరిగింది, తర్వాత ఊదా, తర్వాత మసక ఎరుపు. వెలిగారం పొంగి, కరిగి, గాజులా పరుచుకుంది. ఇక కడ్డీ తాకించడమే.

"ఉక్కగా ఉంది బావా," అన్నాడు బావమరిది. "కిటికీ కాస్త తీయనా?"

మేస్త్రి చెయ్యి ఒక్క క్షణం గాల్లో నిలిచిపోయింది. తోడబుట్టినవాళ్ళు. మాట కూడా ఒక్కటే.

"ఈ పువ్వు అయ్యాక," అన్నాడు. కడ్డీని దించాడు.

కడ్డీ ఇంకా రాగిని తాకలేదు. పొగ అన్నది పుట్టనేలేదు. బావమరిది జేబులోంచి చేతిరుమాలు లాగి ముక్కు మూసుకుని, మొహం పక్కకు తిప్పేశాడు. పట్టకారు జారింది. రేకు నేల మీద పడి గింగిర్లు తిరిగింది. వాడు లేచిన ఊపుకు పీట బోర్లా పడింది.

"ఆపు బావా! దాన్ని తాకించకు. ఇద్దరం చస్తాం!"

ముందు తన ముక్కు మూసుకున్నాడు. బావ ఉన్నాడన్నది ఆ తర్వాత గుర్తొచ్చింది.

మేస్త్రి కడ్డీ కొసను మంటలో పెట్టాడు. కొస తెల్లగా మెరిసి, బొట్టుగా కరిగి బల్ల మీది ఇటుక మీద పడింది. పొగ లేదు.

"ఇవి ఫ్రిజ్ మెకానిక్ ఇచ్చినవి. మంచివి," అన్నాడు.

మంట ఆర్పేశాడు.  బయట చెల్లెమ్మ కలుపు పీకుతూ ఏదో కూనిరాగం తీస్తోంది.

బావమరిది గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడు. రుమాలు ఇంకా చేతిలోనే ఉంది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు మేస్త్రి.

"తెచ్చిన రోజే. నాకిచ్చినవాడు చెప్పాడు, గాలి ఆడే చోట చేసుకోమను, లోపల వద్దని." వాడు రుమాలును వేళ్ళకు చుట్టుకున్నాడు. "కాగితం చింపింది నేనే. బొమ్మ చూస్తే కొట్లో ఎవడూ ముట్టడని. కానీ నీకు చెబుదామనే వచ్చాను బావా. నా పిల్లల మీద ఒట్టు. అక్క టీ ఇచ్చింది. కూర్చోబెట్టి ఈ రేకులు చూపించింది, ఇది నీ గేటుకేరా అని. మాటల్లో పడ్డాం. మర్చిపోయాను. అంతే బావా. మర్చిపోయాను."

మేస్త్రి నేల మీది రేకును తీసి, చొక్కా అంచుతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

"డాక్టరమ్మ అడిగినప్పుడు గుర్తొచ్చిందా?"

బావమరిది బోర్లా పడిన పీట వైపు చూశాడు.

"పక్కనే ఉన్నావు. ఫ్లాస్కు పట్టుకుని."

"చెబితే అక్క బతికేదా?"

"నువ్వు చెప్పలేదు."

"అప్పటికే ఊపిరితిత్తులు..."

"నువ్వు చెప్పలేదు."

మూల చిక్కిన పిల్లి మీద పడుతుంది. బావమరిది కూడా అంతే. మొహం ఎర్రబడింది, లేచి నిలబడ్డాడు. "అంతా నా నెత్తినే రుద్దకు బావా. నేను కాగితం చింపాను, సరే. ఈ కిటికీ ఎవరు మూశారు? పొగ కళ్ళెదురుగా లేస్తుంటే ఏ పిచ్చివాడన్నా కిటికీ మూసుకుని కూర్చుంటాడా? తీసి ఉంటే దగ్గుతో పోయేది. నీ దగ్గు పోలేదూ?"

"తీస్తే అతుకు పడదు."

"ఎప్పుడన్నా తీసి చూశావా?"

మేస్త్రి వాడి వైపు చూశాడు. 

వెళ్ళి గడియ లాగాడు. రెక్కలు తోశాడు. ఏళ్ళ దుమ్ము రాలింది. గాలి వచ్చి బల్ల మీది రంపపు పొట్టును చెల్లాచెదురు చేసింది. మేస్త్రికి లోలోపల తృప్తి కలిగింది. ఇంత గాలిలో పడదు. పడదని వీడి కళ్ళతోనే చూపించాలి. కాగితం చింపిన పాపం వాడిది వాడికే మిగలాలి.

"కూర్చో. పట్టుకో."

"నావల్ల కాదు బావా."

"పట్టుకో."

బావమరిది పీట నిలబెట్టి కూర్చున్నాడు. కిందపడ్డ పట్టకారు తీసుకున్నాడు. మేస్త్రి మంట వెలిగించాడు. గాలికి అది తోకలా కొట్టుకుంది, ఒకసారి ఆరినంత పనైంది. గ్యాస్ కొంచెం పెంచాడు. రాగి రంగు తిరగడానికి ఎక్కువసేపు పట్టింది. ఊదా వచ్చి వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. ఎరుపెక్కింది. కడ్డీ తాకించాడు. టంకం సందులోకి పాకి, చుట్టూ సన్నటి వెండిగీతలా నిలిచింది.

చల్లారాక సుత్తి కొనతో తట్టాడు. గట్టిగా తట్టాడు. కదల్లేదు.

రెండో రేకు. అదీ నిలిచింది. మూడో రేకుకు పువ్వును కిటికీ వైపు తిప్పి, ఎదురుగాలిలో పెట్టాడు. నిలిచింది. తర్వాతి దానికి గ్యాస్ పెంచలేదు, ఉన్నదానికన్నా తగ్గించాడు. ఆలస్యమైంది. నిలిచింది. ఒక్కటి ఊడితే చాలు. ఒకే ఒక్క రేకు ఊడి నేల మీద పడితే చాలు, తండ్రి మాట నిలబడుతుంది, తన ఇన్నేళ్ళ గడియ నిలబడుతుంది. చేతులు మాత్రం ఆయన మాట వినలేదు. తప్పు చేయడం వాటికి రాదు. రేకు తర్వాత రేకు అతుక్కుంటూ పోయింది. ఆఖరున ఆ కొరుకుడు రేకు కూడా దాని చోట కూర్చుంది.

పొద్దుతిరుగుడు పువ్వు పూర్తయి బల్ల మీద నిలబడింది. గాలికి రేకులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. ఇద్దరిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"అబ్బ! ఇవాళ కిటికీ తీశారే!" చెల్లెమ్మ బయటి నుంచి కిటికీలో తల పెట్టింది. చేతులనిండా మట్టి. "వదిన ఉన్నప్పుడు ఎప్పుడొచ్చినా మూసే ఉండేది. నేనే అనేదాన్ని, ఇందులో ఎలా ఉంటావు వదినా, ఊపిరాడొద్దూ అని. మీ అన్నయ్యకు గాలి పడదు అనేది. ఎంత హాయిగా ఉందో చూడండి ఇప్పుడు." అప్పుడు పువ్వును చూసింది. "అయిపోయిందా? అమ్మో, ఎంత బావుంది! పురుగు కొట్టినట్టు కూడా ఉందే! ఇలా ఇవ్వండి అన్నయ్యా."

మేస్త్రి పువ్వును కిటికీలోంచి అందించాడు. ఆమె పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఎండలోకి పోయింది.

బావమరిది లేచాడు. "నాకొద్దు బావా అది. నీ దగ్గరే ఉంచుకో. నీ కాళ్ళు పట్టుకుంటా."

"గేటు పక్కన పెట్టు. నువ్వడిగిన చోటే," అన్నాడు మేస్త్రి. "పోతూ వస్తూ చూడు. ఏదో ఒకరోజు నేను ఆ దారిన వస్తాను. అది అక్కడ లేకపోతే నీ పెళ్ళానికి అంతా చెబుతాను."

"చచ్చేదాకానా?"

"ఎవరు చచ్చేదాకా అన్నది నువ్వే చూసుకో."

బావమరిది ఇంకేదో అనబోయాడు. మేస్త్రి తలుపు తీసి పట్టుకున్నాడు. వాడు తలొంచుకుని దాటిపోయాడు. సందులో చెల్లెమ్మ గొంతు చాలాసేపు వినబడింది. ఎదురైనవాళ్ళందరికీ పువ్వు చూపిస్తోంది. మా వదిన చేసిందే, మా అన్నయ్య అతికాడు, మా ఆయన పట్టుకున్నాడు అని చెబుతోంది.

మేస్త్రి పనిముట్లు సర్దాడు. సిలిండరు కట్టేశాడు. మిగిలిన కడ్డీలకు ఎర్ర బ్యాండు చుట్టి, మెకానిక్‌కు తిరిగి ఇవ్వడానికి గుమ్మం దగ్గర పెట్టాడు. ఇక చేసేదేమీ లేక పీట మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ పీట మీద ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. పీట ఊగింది. ఆమె వంగినట్టే బల్ల మీదికి వంగాడు. చెంపకు గాలి తగిలింది.

తల తిప్పి చూశాడు. తాను నిలబడే చోటి నుంచి కిటికీ దూరం. పీట దగ్గరి నుంచి కాదు. ఎడమ చెయ్యి చాపాడు. వేళ్ళు గడియను తాకాయి. లేవనక్కర్లేదు, ఒళ్ళు కదపనక్కర్లేదు.

ఆమె చెయ్యి చాపలేదు. అడిగింది.